బాంబు షెల్టర్లో మంగళవారాలు

కయాని ఊళ్ళో బడి కింద
రాని యుద్ధం కోసం తవ్వి ఉంచిన గది.
ఇనప తలుపు జానెడు మందం.
లోపల ఇప్పుడు ఆరు వరసల దీపాలు,
ఇరవై అయిదు మీటర్ల అవతల ఒక కాగితం,
కాగితం మీద నల్లటి చందమామ.

నా పేరు హిల్కా.
పగలంతా ఏడో నంబరు బస్సు నడుపుతాను.
ఆరు నెలలుగా నా గుళ్ళన్నీ
ఎడమకి, కిందికే పోతున్నాయి,
ఒకే ఇంటికి చేరే తాగుబోతుల్లా.
ఎంత గురి చూస్తే అంత కిందికి.
అందుకని ఇంకా గట్టిగా పట్టుకునేదాన్ని.
కణుపులు తెల్లబడేదాకా,
భుజాలెక్కి చెవుల్ని అంటుకునేదాకా.
ఇంటికెళ్ళాక సూపు చెంచా కూడా వణికేది.
పట్టు తెలుసు నాకు. విడుపు తెలీదు.

త్యూనెకి డెబ్బై రెండేళ్ళు.
మా భాషలో ఆ పేరులో
గాలి లేని రోజు నీళ్ళుంటాయి.
పోస్టాఫీసులో ముప్పై ఏళ్ళు ఉత్తరాలు వేరుచేసిన చేతులు.
మాటలు తక్కువ, ఉన్నవీ చలికి ముడుచుకున్నవే.
ఒకరోజు వెనక నిలబడి
నా చెవి మీది డిప్ప పక్కకి లాగి
మెడ మీద రెండు వేళ్ళు ఆనించి
"ఇది ఎవర్ని కాలుద్దామనుకుంటోంది?" అంది.

తూటాలు తీసేసింది.
ఖాళీ పిస్టల్ గొట్టం మీద
యాభై సెంట్ల నాణెం పడుకోబెట్టింది.
నొక్కు, అంది.
ఠంగుమని పడి, సిమెంటు మీద దొర్లి,
బెంచీ కిందికి పోయింది నాణెం.
నవంబరంతా వంగి తీస్తూనే ఉన్నాను.
నడుం నేర్చుకుంది గానీ వేలు నేర్చుకోలేదు.

జనవరిలో, మైనస్ ఇరవై ఎనిమిది,
ఆలస్యంగా వచ్చాను. బూట్లకింకా మంచు.
ఆసుపత్రి దిగుడులో బస్సు జారింది, అన్నాను.
పద్నాలుగు మంది. ఒక పసిపిల్ల బండి.
"ఏం చేశావు?"
ఏమీ చెయ్యలేదు.
బ్రేకు మీంచి కాలు తీశాను.
స్టీరింగుని వేళ్ళతో ఊరికే తాకి ఉంచాను.
బస్సు ఎటు పోదామనుకుంటోందో విని
అటే కాస్త తిప్పాను.
అదే దారికొచ్చింది.
వెనక ఎవరో పేపరు తిరగేసిన చప్పుడు, అంతే.

త్యూనె మాట్లాడలేదు.
చాలాసేపు నన్నే చూసింది,
విలాసం సరిగ్గానే ఉన్న ఉత్తరాన్ని
ఇన్నాళ్ళూ తప్పు గూట్లో వేశానేమిటా అన్నట్టు.
పిస్టల్ నా వైపు జరిపింది.

పట్టుకున్నాను.
ముసలావిడ బస్సు దిగుతుంటే
మోచేతి కింద చెయ్యి వేస్తామే,
అంత. లాగం. వదలం.
భుజాలు వాటంతటవే దిగాయి.
ఊపిరి సగం వెళ్ళి, ఎక్కడో కూర్చుంది.
గొట్టం చివరి గుర్తు అంచులు తేటగా,
నల్ల చందమామ మసగ్గా.
కొద్దిగా ఊగుతోంది. ఊగనీ.
చూపుడు వేలు దాని పనిలో అది ఉంది,
మిగతావి దాన్ని పట్టించుకోలేదు.

ఎప్పుడు పేలిందో నాకు తెలీదు.
పిస్టల్ లేచింది, నేను ఆపలేదు.
ఒకసారి చూసొస్తానన్నట్టు వెళ్ళి
తిరిగొచ్చి అదే చోట కూర్చుంది.

కాగితం దాకా నడిచి వెళ్ళాం.
తొమ్మిదో వలయంలో ఒక చిల్లు.
నడిమధ్య కాదు, కుడి అంచున.
"కుడివైపు," అంది త్యూనె,
"ఇది కొత్త తప్పు. మంచిదే."
ఆ యాభై సెంట్లు నా కోటు జేబులోనే ఉండిపోయాయి.
ఆవిడ అడగలేదు.

తర్వాతి మంగళవారం మూడు గుళ్ళు
మళ్ళీ ఆ పాత ఇంటికే పోయాయి.
తిట్టుకోలేదు.
పిడికిలి చూసుకున్నాను, బాగానే ఉంది.
మెడ, బాగానే ఉంది.
ఇంకా ఎక్కడ బిగిసి ఉందో వెతుక్కుంటూ పోతే
నాలుక దొరికింది,
అంగిటికి అతుక్కుని, ఎవరూ చూడరని.
దాన్ని కిందికి దించాను.